ముడత: వైద్యుని మాట, మన మాట

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక చర్మవైద్యుడు చేసిన ప్రసంగానికి పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు చక్కెర వ్యాధి గురించో రక్తపోటు గురించో చెబుతానని అనుకొని ఉంటారు. నేను ముడతల గురించి మాట్లాడదలచాను. వినగానే ముందు వరుసలో కొందరు నవ్వుకొంటున్నారు. ముడత అంటే వయసు మళ్లినవారి దిగులనీ, పూతమందులు అమ్మేవారి బేరమనీ మనలో ఒక అభిప్రాయం ఉంది. వైద్యునికి మాత్రం ముడత ఒక ఆనవాలు. ఉన్నచోట అది ఒక సంగతి చెబుతుంది. ఉండవలసిన చోట లేకపోతే మరొక సంగతి, ఒక్కొక్కసారి ఇంకా పెద్ద సంగతి చెబుతుంది. ఆ సంగతిని రోగీ వైద్యుడూ ఒకరికొకరు చెప్పుకోవాలంటే మధ్యలో మాట కావాలి. పొరుగు రాష్ట్రాల తెలుగువారికి చిక్కు వస్తున్నది అక్కడే.

మొదట మన మాటలనే చూద్దాం. ముడుచు అనే క్రియ నుంచి ముడుత, ముడత వచ్చాయి. మడత వేరు, ముడత వేరు. మడత మనం పెట్టేది, విప్పితే పోయేది. ముడత తనంతట తాను పడేది, దులిపినా పోనిది. కోపం వచ్చినవాడు నొసలు ముడివేస్తాడు. దాన్నే మన పూర్వులు బొమముడి అన్నారు. చర్మం బిగువు తప్పితే సడలింది అంటాము, కిందికి దిగితే జారింది అంటాము, నీరు తగ్గితే వడలింది అంటాము, మరీ ఎండితే వరుగైంది అంటాము. నీళ్లలో ఉండి ముడుచుకొన్న వేళ్లను నానాయి అంటాము. కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలేవి చారలు, మడమల మీదవి పగుళ్లు. ఇన్నింటికి ఇన్ని మాటలు ఉన్న భాషను పట్టుకొని, వైద్యం చెప్పడానికి చాలదని అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

సంస్కృతం నుంచి వళి అనే మాటను తెచ్చుకొన్నాము. వళీపలితాలు అంటే ముడతలూ నెరసిన వెంట్రుకలూ. ఈ రెండింటినీ కలిపి ముసలితనానికి గుర్తుగా చెప్పడం ఆయుర్వేద గ్రంథాలకు అలవాటు. కావ్యాలలో అదే వళి నడుము దగ్గర మూడు గీతలుగా ఏర్పడి త్రివళి అయితే అందమైపోయింది! అమరకోశంలో కోతికి ఉన్న పేర్లలో వలీముఖుడు ఒకటి, అనగా ముడతల మొగంవాడు. పదవ శతాబ్దిలోనో పదకొండవ శతాబ్దిలోనో కాదు, నేటికీ మన ఇళ్లలో పిల్లవాడు మొగం ముడిచి ఏడిస్తే కోతిమొగం పెట్టకు అంటాము గదా, ఆ చూపు అంత పాతది.

ఇక పొరుగువారి మాటలు. తమిళంలో ముడతను సురుక్కం అంటారు; పాత తమిళంలో తిరై అనే మాట ఉంది, అది నరైతో జంటగా వస్తుంది. ఆ నరై మన నెరయడానికి చుట్టమే. కన్నడంలో సుక్కు, మరాఠీలో సురకుతి. కన్నడిగులు చీర కుచ్చిళ్లకు వాడే నెరిగె అనే మాటను ముడతకూ వాడతారు. చర్మానికి తమిళులు తోల్ అంటారు, కన్నడిగులు తొగలు అంటారు, మనకు తోలు ఉంది. అయితే పుస్తకాల తెలుగులో తోలు పశువుకూ చర్మం మనిషికీ పంచి ఇచ్చాము. హోసూరు పల్లెల్లో అవ్వ "నా తోలు మండుతుంది" అన్నప్పుడు ఆమె మోటుగా మాట్లాడిందని అనుకోవద్దు. అది చాలా ద్రావిడ భాషలు పంచుకొన్న మాట.

వైద్యశాస్త్రం ముడతను రైటిడ్ అంటుంది. అది గ్రీకు మాట. ముఖచర్మాన్ని బిగించి కుట్టే శస్త్రచికిత్సకు రైటిడెక్టమీ అని పేరు. లాటిన్‌లో ముడతకు రూగా అనే మాట ఉంది. జీర్ణాశయం లోపలి ముడతలను నేటికీ రూగే అనే అంటారు. కనుబొమలను దగ్గరకు లాగి నొసలు ముడివేసే కండరానికి కారుగేటర్ అనే పేరు దానినుంచే వచ్చింది. మన పశువుల కొట్టాల మీద వేసే అలల రేకును కారుగేటెడ్ రేకు అంటామే, ఆ పేరు కూడా అక్కడిదే. కంటి చివర విచ్చుకొనే ముడతలకు ఆంగ్ల వైద్యులు తమ పరిశోధన పత్రికల్లోనే కాకిపాదాలు అని రాసుకొంటారు, దానికి వారేమీ సిగ్గుపడరు. పారిభాషిక పదం అనేది ఎవరో గదిలో కూర్చొని కుట్టినదే కానక్కరలేదు. పెరటి కాకీ, ఇంటికప్పు రేకూ వారికి పనికివచ్చినప్పుడు మన నాగటి చాలు మనకెందుకు పనికిరాదు? సన్నని దాన్ని గీత అనీ, స్పష్టంగా తెలిసేదాన్ని ముడత అనీ, ముక్కు పక్కనుంచి నోటి మూల దాకా దిగే పెద్దదాన్ని మడత అనీ, లోతుగా కోసుకుపోయినదాన్ని చాలు అనీ అంటే వైద్యులు చేసే విభజన యావత్తూ తెలుగులోకి వచ్చేస్తుంది. కొల్లాజెన్ వంటి మాటను మాత్రం నేను మార్చమని అడగను. గ్రీకులో కొల్లా అంటే జిగురు. వడ్రంగులు ఒకప్పుడు తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసి వాడిన జిగురు ఈ పదార్థమే. ఆ సంగతి తెలిస్తే చాలు, పేరు ఎవరిదైనా ఒకటే.

ముడత ఎందుకు పడుతుంది? చర్మంలో పైపొర బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం, ఆ కింద కొవ్వు పొర. ముడత పైన కనిపించినా దాని మూలం అంతశ్చర్మంలో ఉంది. నులకమంచాన్ని తలచుకోండి. కొల్లాజెన్ పోగులు నులక వంటివి, బరువు మోస్తాయి. వాటి మధ్య ఎలాస్టిన్ అనే సాగే పోగులు ఉంటాయి, లాగి వదిలితే చర్మం తిరిగి తన చోటికి రావడం వీటి పని. నీరు తీసి ఎండబెట్టిన అంతశ్చర్మంలో నూటికి 70 నుంచి 80 పాళ్లు కొల్లాజెనే. పెద్దవయసు వచ్చాక అది ఏటా దాదాపు 1 శాతం చొప్పున తరుగుతుంది. స్త్రీలలో ముట్టు ఆగిపోయాక మొదటి కొన్నేళ్లలో ఈ తరుగుదల మరింత వేగంగా సాగుతుంది. ఎలాస్టిన్ సంగతి ఇంకా కఠినం. అది చాలా మటుకు తల్లి కడుపులోనూ చిన్నతనంలోనూ తయారైపోతుంది, ఆ తర్వాత కొత్తది పోసేది బహు కొద్ది. పుట్టినప్పటి నులకనే డెబ్బై ఏళ్లు వాడుకోవాలన్నమాట. శార్ఙ్గధర సంహితలో ప్రతి పదేళ్లకు ఒక్కొక్క గుణం తరుగుతుందని చెబుతూ చర్మానికి అయిదవ పదిని కేటాయించారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో కంటితో చూసి చెప్పిన ఆ లెక్క నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

వయసు ఒక్కటే అయితే ముడతలు ఒంటినిండా ఒకే తీరుగా పడాలి. పడవు. డెబ్బై ఏళ్ల రైతు చొక్కా విప్పినప్పుడు వీపు చూడండి, తర్వాత మెడ వెనుక చూడండి. ఇద్దరు మనుషుల చర్మం ఒకరికి అతికించినట్టు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అంతశ్చర్మం దాకా దిగి, కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను రేపుతాయి. ఎలాస్టిన్ పోగులు చెడి ముద్దలు కడతాయి. ఏళ్ల తరబడి ఎండలో వంగి పనిచేసిన వారి మెడ వెనుక చర్మం దళసరిగా మారి, అడ్డంగా ఏటవాలుగా చాళ్లు పడి, ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్టు పలకలు పలకలుగా కనిపిస్తుంది. దీనికి వైద్యశాస్త్రంలో క్యూటిస్ రాంబాయిడాలిస్ న్యూకీ అని ఒక గంభీరమైన పేరుంది. నెర్రెల మెడ అంటే మన రైతుకు వెంటనే తెలుస్తుంది.

అమెరికాలో 28 ఏళ్లు సరుకుల బండి నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖచిత్రం 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. కుడి చెంప మామూలుగా ఉంది. కిటికీ వైపున్న ఎడమ చెంప ఇరవై ఏళ్లు ముందుకు పోయినట్టు ముడతలు పడి వేలాడుతోంది. అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, లోతుకు దిగే రకాన్ని వదిలేస్తుంది. మన దేశంలో చోదకుడు కుడివైపు కూర్చుంటాడు. కృష్ణగిరి దారిలో లారీ తోలే మన పిల్లల కుడి మోచేతిని ఎడమ మోచేతితో పోల్చి చూడండి. మన చర్మంలో మెలనిన్ అనే రంగు ఎక్కువ కాబట్టి తెల్లవారికంటే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. మచ్చలూ రంగు తేడాలూ ముందు వస్తాయి. తలపాగా, మెడ మీదికి దించిన తుండుగుడ్డ, నిండు చేతుల చొక్కా మంచి మందులే. కొనవలసిన పని కూడా లేదు.

పొగ తాగేవారి ముఖాన్ని చూసి పట్టవచ్చునని 1985లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక వైద్యుడు రాశాడు. పొగ వల్ల చర్మపు సన్నని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కొల్లాజెన్ తరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవారు చుట్ట నిప్పుకొన నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగడం మీకు తెలిసే ఉంటుంది. వారి విషయంలో ముడతల మాట అటుంచండి, అంగిలికి క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. అంగిలి మీద తెల్లని మచ్చగాని మానని పుండుగాని ఉంటే ఆ రోజే చూపించాలి.

ఇంకొక మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. తెలుపు వస్తుందని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని ముఖానికి రాసే గొట్టాలలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల మొగం నునుపవుతుంది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పలుచబడి, ఎర్రని నరాలు తేలి, ఇరవై అయిదేళ్ల పిల్లకు సన్నని గీతలు పడతాయి. ఇటువంటి పూతలు కొన్నింటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలలో ఏమి జరుగుతున్నదో మీకూ నాకూ తెలుసు.

ఇప్పుడు నుదుటి ముడత. ముఖంలోని కండరాలు చర్మానికే అంటుకొని ఉంటాయి. కండరం ఎటు లాగితే ముడత దానికి అడ్డంగా పడుతుంది. నుదుటి కండరం నిలువుగా లాగుతుంది గనుక నుదుటి ముడతలు అడ్డం. కనుబొమల మధ్య కండరం అడ్డంగా లాగుతుంది గనుక అక్కడి చాళ్లు నిలువు. మొదట్లో ఇవి కదిలినప్పుడే కనిపించి పోతాయి, కొన్నేళ్లకు నిలిచిపోతాయి. నుదుటి కండరానికి ఆజ్ఞ మెదడు రెండు సగాల నుంచీ అందుతుంది. ముఖం కింది సగానికి మాత్రం ప్రధానంగా ఎదుటి సగం నుంచే అందుతుంది. ఈ ఒక్క ఏర్పాటు మీద ఒక ప్రాణం ఆధారపడవచ్చు.

మూతి ఒక పక్కకు పోయిన మనిషిని తీసుకువచ్చినప్పుడు వైద్యుడు మొట్టమొదట కనుబొమలు పైకెత్తమంటాడు. చెడిన పక్క నుదుటి మీద ముడత పడకపోతే ముఖనాడి దెబ్బతిన్నదని, అంటే బెల్స్ పాల్సీ వంటిదని అనుమానిస్తాడు. అది భయపెట్టేదే కాని చాలామందిలో నయమవుతుంది. నుదురు రెండు పక్కలా చక్కగా ముడత పడి మూతి మాత్రమే వంకరపోతే, మెదడులో దెబ్బ, అనగా పక్షవాతం కావచ్చు. రక్తపుగడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల పడాలి. ముడత కనిపించడమే చెడ్డ వార్త అయ్యే సందర్భం ఇది.

బళ్లారి వైపు ఒక ఆసుపత్రిలో నేను చూసినది చెబుతాను. ఊరి నుంచి ఒక అవ్వను తెచ్చారు, మూతి వంకర. అక్కడి కుర్ర వైద్యుడు మంచివాడు, ఓర్పు గలవాడు. "హుబ్బు ఎత్తి" అన్నాడు. కన్నడంలో హుబ్బు అంటే కనుబొమ. అవ్వకు ఉబ్బు అని వినిపించింది. "ఉబ్బేమీ లేదు నాయనా, మూతే ఇట్లా పోయింది" అని చెంపలు తడుముకొని చూపించింది. ఆయన మళ్లీ హుబ్బు అన్నాడు. ఆమె కాళ్లు చాపి, వాపు లేదని పాదాలు చూపింది. పక్కన మనుమడు ఉన్నాడు, కన్నడ మాధ్యమంలో పదో తరగతి చదువుతున్నాడు. వాడికి హుబ్బు అంటే బాగా తెలుసు. దానికి అవ్వ వాడే మాట తెలియదు. "అవ్వా, హుబ్బు ఎత్తమంటున్నారు" అని అదే మాటను గట్టిగా అరిచాడు. చివరకు దాది అవ్వ ఎదురుగా నిలబడి తన కనుబొమలు ఎత్తి చూపింది. అవ్వ నవ్వుతూ తానూ ఎత్తింది. నుదురంతా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నిండుగా ముడతలు పడ్డాయి. వైద్యుడి మొగం మారిపోయింది. అప్పటికప్పుడు బండి మాట్లాడి పెద్ద ఆసుపత్రికి పంపించారు. ఆ వేళకు ఎంత కాలం గడిచిందో ఇంటివారెవరూ సరిగా చెప్పలేకపోయారు.

ఇందులో వైద్యుని తప్పు లేదు, అవ్వ తప్పూ లేదు. ఆ పిల్లవాడి తప్పు అంతకన్నా లేదు. బొమ అనే మాట వాడికి ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బడిలో చెప్పేవారు లేరు. ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోతే మీరు నుదురు చూసి తీర్పు చెప్పుకొని కూర్చోవద్దని మాత్రం గట్టిగా మనవి చేస్తున్నాను. చేయి పడిపోయినా, మాట తడబడినా, మూతి పోయినా గడియారం చూసుకొని, ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. నుదురు చూడడం వైద్యుని పని. ఆయన మాట రోగికి అందేలా చూడడం మన పని.

పసిపిల్లల చర్మం చెప్పే సంగతి తల్లులకు కొంత తెలుసు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన బిడ్డకు బొడ్డు పక్కన పొట్ట చర్మాన్ని మెల్లగా పట్టి ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోదు. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే నిలబడి ఉంటే నీరు ప్రమాదకరంగా తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ గుణానికి వైద్యులు టర్గర్ అంటారు, మనకు బిగువు ఉంది. బాగా చిక్కిపోయిన బిడ్డలో ఈ పరీక్ష మోసం చేస్తుంది, ఎందుకంటే నీరు తగ్గకపోయినా ఆ చర్మం అలాగే ఉంటుంది, ముసలివారిలోనూ అంతే. "చర్మానికి బిగువు తప్పింది, కళ్లు గుంటలు పడ్డాయి, తాగడం లేదు" అని ఆ తల్లి ఏ భాషలోనైనా చెప్పగలిగితే వైద్యుని పని సగం అయినట్టే.

వేళ్ల ముడత ఇందుకు తలకిందులు. నీళ్లలో వేళ్లు నానడం చర్మం నీరు పీల్చి ఉబ్బడమని చాలాకాలం అనుకొన్నారు. ముంజేతి నాడి దెబ్బతిన్నవారిలో, ఆ నాడి పాలించే వేళ్లు ఎంత నానబెట్టినా ముడుచుకోవడం లేదని 1930ల్లో ఇంగ్లండులో లూయిస్, పికరింగ్ అనే వైద్యులు గమనించారు. నాడి ఆజ్ఞతో వేలికొనలో రక్తనాళాలు కుంచించుకొని, లోపలి కండ తగ్గి, పైచర్మం ముడుచుకొంటుంది. తడి వస్తువుల మీద పట్టు చిక్కడానికే ఈ ఏర్పాటు అని 2013లో న్యూకాజిల్ పరిశోధకులు అన్నారు, మరుసటి ఏడే మరొక బృందం తమకు తేడా కనిపించలేదన్నది. ఆ వాదం వారిది. మనకు కావలసినది ఇంకొకటి. కుష్ఠు మన ప్రాంతాల నుంచి పూర్తిగా పోలేదు. దేశ స్థాయిలో పదివేలమందికి ఒకరికంటే తగ్గిందని 2005 చివరిలో ప్రకటించినా కొత్త రోగులు వస్తూనే ఉన్నారు. అది నాడులను తింటుంది. బట్టలు ఉతికిన తర్వాత మిగిలిన వేళ్లు నాని, ఒకటి రెండు వేళ్లు మాత్రం నునుపుగా ఉంటే, వాటికి స్పర్శ తగ్గి ఉంటే, చూపించుకోండి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

పత్రికవారికి నాదొక విన్నపం. కనుబొమ, నొసలు, చెక్కిలి, అంగిలి, బొడ్డు, ముంజేయి, మడమ. ముడత, వాపు, మంట, తిమ్మిరి, బిగువు. ఇటువంటి నూరు మాటలను తెలుగు లిపిలో రాసి, ఎదురుగా తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ మాటలను ఆయా లిపుల్లోనూ తెలుగు లిపిలోనూ అచ్చువేసి నడిమి పుటగా ఇవ్వండి. ఇంటివారు చించి గోడకు అంటించుకొంటారు, ఆసుపత్రికి పోయేటప్పుడు జేబులో పెట్టుకొంటారు. అలాగే, మన సంఘాలు జిల్లా వైద్యాధికారికి తెలుగులో అర్జీ పెట్టి, చీటీలు రాసే బల్ల దగ్గర తెలుగు తెలిసిన ఒకరిని ఉంచమని అడగవచ్చు. దేశంలోగాని ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం ఇచ్చుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణంలో ఇచ్చింది. కన్నడంలోనో తమిళంలోనో రాస్తేనే తీసుకొంటామని గుమాస్తా అంటే ఆ సంఖ్య చెప్పండి.

వెనుక వరుస నుంచి ఒక అమ్మగారు చీటీ పంపారు: నూనె రాస్తే ముడతలు పోతాయా అని. కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని రాస్తే చర్మంలోని తడి ఆరిపోకుండా నిలుస్తుంది, పొడిబారినందువల్ల పడిన సన్నని గీతలు తగ్గుతాయి. తెగిన నులక మళ్లీ అల్లుకోదు, కాబట్టి ముడతలు పోవు. ట్రెటినాయిన్ అనే పూత వల్ల కొంత మేలు ఉందని నిరూపణ అయింది, దాన్ని వైద్యుడు చూసి ఇవ్వాలి, గర్భిణులు వాడరాదు. నూనె మాత్రం రాసుకోండమ్మా, స్నానం చేసి తడి పూర్తిగా ఆరకముందే రాసుకొంటే ఇంకా బాగా పనిచేస్తుంది.